కొండ లేని ఊళ్ళో కొండ సైకిలు

అల్లూరులో కొండ లేదు. గుట్ట కూడా లేదు. పడమటికి చూస్తే వరి కయ్యలు, తూర్పుకి చూస్తే రొయ్యల గుంటలు, వాటి వెనక సరుగుడు తోపులు, ఆ వెనక ఇసకపల్లి సముద్రం. ఎత్తయిన చోటు చూపించమంటే మావాళ్ళు కాలవకట్ట చూపిస్తారు. అట్లాంటి ఊరికి మా తమ్ముడి కొడుకు సంక్రాంతి సెలవులకి బెంగుళూరు నుంచి కారు వెనక కట్టుకొని ఒక మౌంటెన్ బైకు తెచ్చాడు. తెచ్చిన మర్నాడే సముద్రందాకా పోయొస్తానని తెల్లారకముందే బయల్దేరి, వెనక చక్రంలో రెండు పుల్లలు తెంచుకొని, ఎండెక్కేసరికి బండి నడిపించుకుంటూ ఇంటికి చేరాడు.

వాణ్ణి వెంటబెట్టుకొని బజారులో సైకిలు షాపుకి పోయాను. షాపంటే గదీ గోడా ఏమీ లేవు. ఒక వేపచెట్టు, చెట్టుకి ఆనించిన చెక్కపెట్టె, పెట్టెలో పానాలు, సగానికి కోసిన నూనె డబ్బాలో కిరసనాయిలు, పంచరు చూసుకోడానికి నీళ్ళ తొట్టి, నిలువు పంపు. ఒకప్పుడు ఈ చెట్టు కిందే గంటకింతని అద్దెకిచ్చే సైకిళ్ళు వరసగా నిలబడి ఉండేవి. కాళ్ళందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం మేమంతా వాటి మీదే నేర్చుకున్నాం. ఇప్పుడు అద్దె సైకిళ్ళు లేవు, వచ్చేవన్నీ మోటారు సైకిళ్ళ పంచర్లే. షాపు నడిపే మామకి డెబ్బై దగ్గరపడ్డాయి. ఆయన పేరు రాయను. రాయబోయేది ఆయన చేతిపని గురించి; పేరు పత్రికలో పడితే ఆయనకే సిగ్గు.

మామ తెగిన పుల్లల వంక చూళ్ళేదు. సీటు పట్టి వెనక చక్రం పైకెత్తి, పెడలు ఒక్క తిప్పు తిప్పి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత హ్యాండిలు పట్టుకొని బండిని కిందికి నొక్కాడు. ముందు ఫోర్కు లోపలికి దిగి, నిదానంగా లేచింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే నిదానంగా లేచింది. అప్పుడు మావాణ్ణి అడిగాడు:

"ఇది ఏ నేల మీద తిరిగే బండి నాయనా?"

"ట్రెయిల్ బైకు తాతా" అన్నాడు మావాడు.

"అది సరే. నేల ఏదంటా ఉండా."

నాకు ఆ ప్రశ్న భలే నచ్చింది. మౌంటెన్ బైకింగులో రకాల గురించి పత్రికలు పేజీలకి పేజీలు రాస్తాయి. చదివితే అదేదో మనుషుల స్వభావాల పట్టికలా ఉంటుంది: తెగువ గలవాడు ఇది తొక్కుతాడు, ఓపిక గలవాడు అది తొక్కుతాడు. బండి విప్పి చూస్తే మాత్రం ప్రతి రకమూ ఒక నేలకి చెప్పిన జవాబు. మాగాణికి ఒక మడక, మెట్టకి ఇంకో మడక పెట్టుకున్నట్టే.

క్రాస్ కంట్రీ సంగతి చూడండి. ఎక్కడమూ దిగడమూ రెండూ ఉన్న దారిలో, గడియారం మీద కన్నేసి తొక్కేది. 1996 అట్లాంటా ఒలింపిక్సులో చేరిన మౌంటెన్ బైకింగు ఇదే. ఎక్కుడు ఉంది కాబట్టి బండి బక్కది, ముందు ఫోర్కు వంద, నూటయిరవై మిల్లీమీటర్లకి మించి దిగదు. డౌన్‌హిల్ దీనికి పూర్తిగా ఎదురు. కొండ మీదికి బండిని లిఫ్టులోనో జీపులోనో చేరుస్తారు, తొక్కేవాడి పని దిగడమే. ఆ ఫోర్కు 200 మిల్లీమీటర్లు దిగుతుంది, మోటారు సైకిలు ఫోర్కు మాదిరి పైనొక పలక, కిందొక పలకతో బిగిస్తారు. బ్రేకు పళ్ళెం కూడా క్రాస్ కంట్రీకి 160 మిల్లీమీటర్లుంటే దీనికి 200 దాటుతుంది. ఈ రెండిటి మధ్యలో ట్రెయిల్, దాని కంటే కాస్త మొరటుగా ఎండ్యూరో. ఎండ్యూరోలో కొండ ఎవరికి వారే ఎక్కాలి, గడియారం మాత్రం దిగేటప్పుడే నడుస్తుంది. కాబట్టి ఆ బండి చేసేవాడు రెండు పడవల మీద కాళ్ళు పెట్టక తప్పదు: ఎక్కడానికి తేలిగ్గా ఉండాలి, దిగడానికి గట్టిగా ఉండాలి. ఇక గాల్లోకి ఎగిరేవాళ్ళ సంగతి వేరు. అమెరికాలోని యూటాలో 2001 నుంచి రెడ్‌బుల్ ర్యాంపేజి అనే పోటీ పెడుతున్నారు. ఎర్రటి కొండ అంచుల మీంచి సైకిలుతో సహా దూకుతారు. అది చూస్తే నాకు మెచ్చుకోవాలనే దానికంటే వాళ్ళ అమ్మానాన్నలు ఏమైపోతున్నారో అనే దిగులే ఎక్కువ.

మామకి ఇవేమీ తెలియవు. కానీ ఆయన బండికి పక్కగా గొంతుక్కూచొని, ఒక కన్ను మూసి, ఫోర్కు ఎంత వాలుగా ఉందో చూశాడు. "దిగేదానికి చేసినట్టుండాదే" అన్నాడు.

చూపుతో అంత ఖచ్చితంగా ఎట్లా పట్టాడా అని అప్పుడు ఆశ్చర్యపోయాను గాని, అందులో మాయ లేదు. ఫోర్కు తల నుంచి దాని వాలు వెంటే ఒక గీత నేల దాకా గీస్తే, ఆ గీత నేలని తాకే చోటు, టైరు నేలని తాకే చోటుకి కాస్త ముందు పడుతుంది. అంటే టైరు ఎప్పుడూ ఆ గీత వెంటపడి పోతా ఉంటుంది. దూడ తల్లి వెంట పోయినట్టు. ఫోర్కు ఎంత వాలితే ఈ ఎడం అంత పెరుగుతుంది. ఎడం పెరిగితే బండి తన దారిన తాను నిలకడగా పోతుంది, రాయి తగిలినా హ్యాండిలు చేతిలోంచి విదిలించుకోదు. నిటారుగా ఉంటే చెప్పినట్టు చటుక్కున తిరుగుతుంది, కాని నిటారు దిగుడులో మొండికేస్తుంది. క్రాస్ కంట్రీ బండికి ఈ వాలు నేలతో 68 డిగ్రీల చుట్టూ ఉంటే, డౌన్‌హిల్ బండికి 63 దాకా పడుకుంటుంది. అయిదు డిగ్రీలంటే చూసేవాడికి ఏమీ కాదు. తొక్కేవాడికి ప్రాణం.

మన పాత 28 అంగుళాల నల్ల సైకిలు ఫోర్కు కూడా వాలుగానే ఉంటుంది, గమనించారా? ఆ నమూనా ఇంగ్లండులో తారు రోడ్లు లేని రోజుల్లో పుట్టింది. మద్రాసు పక్కన అంబత్తూరులో 1949లో మొదలైన టి.ఐ. సైకిల్స్ వాళ్ళ హెర్క్యులెస్సులు గానీ, సోనీపట్ అట్లాసులు గానీ, లూధియానా హీరోలు గానీ ఆ వాలుని మార్చలేదు. మన దారులూ అట్లాంటివే కదా. గతుకుల బాటలో క్యారియరు మీద వడ్ల బస్తా, ముందు కడ్డీ మీద పిల్లవాడు, హ్యాండిలుకి పాల క్యాను ఉన్నా ఆ బండి కొంకర్లు పోకుండా వచ్చిందంటే సగం పుణ్యం ఆ వాలుదే.

ఇక చక్రం. ఆ పొద్దు నేను అసలు చూడాల్సింది అదే.

మావాడు బుద్ధిమంతుడు, రెండు పుల్లలు అదనంగా ఫ్రేముకి టేపుతో చుట్టి తెచ్చుకున్నాడు. తెగినవి రెండూ బ్రేకు పళ్ళెం ఉన్న ఎడమ పక్కవి. నక్షత్రం మూతి ఉన్న బుల్లి పానాతో ఆరు మరలు విప్పి, పళ్ళెం తీసి, పాత ముక్కలు బయటికి లాగాడు మామ. హబ్బు దగ్గర వంపు తిరిగిన చోటే రెండూ తెగాయి. ఆ ముక్కల్ని గోటితో తడిమి, మిగతా పుల్లల్ని రెండేసి చొప్పున పిసికి చూశాడు.

"బిగువెక్కువై తెగిందేమో మామా?" అన్నాను, తెలిసినవాడిలాగా.

"బిగువుకి తెగదబ్బాయ్. వదులుకి తెగద్ది."

ఇది వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ అక్షరాలా నిజం. ఎద్దుల బండి చక్రాన్ని తలుచుకోండి. దాని ఆకులు కొయ్యవి, లావుపాటివి. బరువు పడ్డప్పుడు కింది ఆకు నేల మీద కాలు మోపి నిలబడి మోస్తుంది. సైకిలు పుల్ల రెండు మిల్లీమీటర్ల తీగ. నిలబడమంటే వంగిపోతుంది. దానికి చేతనయింది లాగడం ఒక్కటే. అందుకని ముప్పై రెండు తీగల్ని నాలుగు పక్కలా గుంజి కడతారు. మంచి చక్రంలో ఒక్కో పుల్ల మీద వంద కిలోల దాకా లాగుడుంటుంది. చెయ్యి మీద ఎత్తి పట్టుకోగలిగినంత తేలిక చక్రంలో, చడీచప్పుడూ లేకుండా, రెండు మూడు టన్నుల గుంజులాట నడుస్తూ ఉంటుంది. మనిషి ఎక్కి కూచున్నప్పుడు జరిగేదల్లా నేల వైపున్న నాలుగైదు పుల్లల లాగుడు కాస్త తగ్గడమే. చక్రం తిరిగే కొద్దీ ప్రతి పుల్లా తన వంతుకి ఒకసారి సడలి, మళ్ళీ బిగుస్తుంది. ఇసకపల్లి పోయి రావడంలో పది కిలోమీటర్లు తొక్కాడనుకున్నా నాలుగు వేల సార్లకు పైనే. బిగువు చాలినంత ఉంటే ఈ సడలింపు దాన్ని ఏమీ చెయ్యదు. ముందే వదులుగా ఉంటే పూర్తిగా డీలా పడి, మళ్ళీ తటాలున లాగబడి, ఆ వంపు దగ్గర వంగీ వంగీ ఒకనాడు తెగుతుంది. తీగని చేత్తో అటూ ఇటూ వంచి తుంచినట్టే.

పుల్లల్ని హబ్బు నడిబొడ్డు నుంచి సూటిగా కాకుండా అంచుకి ఓరగా, ఒకదాన్నొకటి దాటుతూ కట్టాలని కనిపెట్టినవాడు జేమ్స్ స్టార్లీ. ఇంగ్లండులో కోవెంట్రీ ఊళ్ళో కుట్టుమిషన్లు చేసిన మనిషి, సంవత్సరం 1874. ఇప్పటి సైకిలు ఆకారానికి దారి చూపిన రోవర్ సైకిలుని 1885లో చేసిన జాన్ కెంప్ స్టార్లీ ఆయన అన్నదమ్ముల బిడ్డే. ఆ ఓర కట్టుడు లేకపోతే మావాడి బండి ఆగేది కాదు. ఎందుకంటే పాత సైకిళ్ళలో కడ్డీ బ్రేకు రిమ్మునే పట్టుకుంటుంది, ఆపే పనిలో పుల్లలకి భాగం లేదు. పళ్ళెం బ్రేకు పట్టుకునేది హబ్బుని. దొర్లుతున్న రిమ్ముని ఆపమని హబ్బు పెట్టిన కేక పుల్లల గుండానే పోవాలి. సూటిగా ఉన్న పుల్ల ఆ మెలికకి తట్టుకోలేదు, ఓరగా ఉన్నది దాన్ని తాడులాగా లాగి పట్టుకుంటుంది. మామ పుల్లలు లెక్కపెట్టాడు. "ముప్పై రెండేనా!" అన్నాడు, పెళ్ళిలో విస్తళ్ళు తక్కువైనట్టు. పాత నల్ల సైకిలుకి ముందు చక్రంలో 32, వెనక 40. మనిషీ బస్తా పడేది వెనకేగా. ఆ ఎనిమిది పుల్లల తేడాలోనే మన సైకిలు బతుకంతా ఉంది.

కొత్త పుల్లలు ఎక్కించాక బెండు తియ్యడం మొదలైంది. చక్రం బండికి పెట్టి, బండిని తలకిందులు చేసి, ఫ్రేము గొట్టం మీద ఎడమ చెయ్యి ఆనించి, బొటనవేలి గోరు రిమ్ముకి వెంట్రుకవాసి దూరంలో నిలిపాడు. కుడి చేత్తో చక్రం తిప్పాడు. రిమ్ము వంకర ఉన్న చోట గోటికి తగిలి చిర్రుమంటుంది. అక్కడ ఆపి, ఆ పక్క పుల్ల పావు తిప్పు వదిలి, ఎదురు పక్క పుల్ల పావు తిప్పు బిగించాడు. పావు తిప్పు, అంతే. నాలాంటివాడు మొత్తం తిప్పు తిప్పి, ఇంకో చోట కొత్త వంకర పుట్టించి, దాని వెంటపడి, చివరికి చక్రాన్ని గుమ్మడిపండు చేస్తాడు. పక్క వంకర పోయాక ఎగుడుదిగుడు చూశాడు. అదీ పోయాక రెండు చేతులతో పుల్లల్ని జతలు జతలుగా గట్టిగా పిసికాడు. మెలి తిరిగి మొరాయిస్తున్న పుల్లలు కిట కిట మని సర్దుకున్నాయి. మళ్ళీ గోరు పెట్టాడు, మళ్ళీ రెండు మూడు చోట్ల పావు తిప్పు. బండి తయారైన చోట దీనికి కొలతల యంత్రాలుంటాయి. ఇక్కడ గోరు.

ఆ తర్వాత చేసింది నాకు తెలియదు, అదే మొదటిసారి చూడ్డం. పానా కొసతో ఒక్కో పుల్లనీ మీటుకుంటూ చుట్టూ వచ్చాడు. కుడి పక్కవన్నీ ఒక శ్రుతి, ఎడమ పక్కవన్నీ దానికంటే కొంచెం కింది శ్రుతి. ఒకచోట బేసురు వినిపించి, ఆగి, సగం పావు బిగించాడు. రెండు పక్కలకీ ఒకే శ్రుతి ఎందుకు లేదని మావాడు అడిగాడు. కుడి పక్క గేరు పళ్ళ గుత్తి ఉంది కాబట్టి హబ్బు అంచు లోపలికి జరిగి ఉంటుంది. రిమ్ము మాత్రం నడి మధ్యలో ఉండాలి. అందుకని కుడి పుల్లలు నిటారుగా నిలబడి ఎక్కువ లాగుతాయి, ఎడమవి వాలుగా ఉండి తక్కువ లాగినా సరిపోతుంది. ఇదంతా మామ చెప్పలేదు, నేను తర్వాత అర్థం చేసుకున్నది. మామ చెప్పింది ఒక్క ముక్కే: "కుడెద్దు బరువు మీద ఉండాది."

చక్రం మళ్ళీ ఊడదీసి, ఇరుసు వేళ్ళ మధ్య తిప్పాడు. కరకర. ఇసక. నేను మొదట చెవి దగ్గర పెట్టుకున్నాడని చెప్పింది ఈ చప్పుడు కోసమే. మావాడు వెనక్కి లాగుతున్నా వినకుండా కోను విప్పేశాడు. విప్పగానే ముఖం వికసించింది. ఈమధ్య చాలా హబ్బుల్లో మూత వేసి బిగించిన బేరింగులే ఉంటాయి, పోతే దుడ్డుకర్రతో కొట్టి తీసి కొత్తది వెయ్యడమే. ఇందులో మాత్రం విడి గుండ్లు. అంగుళంలో పావు వంతు గుండ్లు పక్కకి తొమ్మిది చొప్పున, నల్ల సైకిలు వెనక హబ్బులో ఉన్నట్టే. యాభై ఏళ్ళుగా చేస్తున్న ఓరాలింగే. గుండ్లు కిరసనాయిల్లో కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, హబ్బు గిన్నెలో వేలితో గ్రీజు పరిచి, ఒక్కో గుండునీ అందులో నాటాడు, నారు నాటినట్టు. పైన ఇంకో పొర గ్రీజు. కోను బిగించి, ఒక్క పిసరు వెనక్కి తిప్పి, నట్టు బిగించాడు. చక్రాన్ని గాల్లో వదిలితే అది ఆగిపోవడానికి ముందు గాలి నిపుల్ బరువుకి కిందికి జారి, అటూ ఇటూ ఊగి, ఊగి, నిలిచింది. అట్లా ఊగితే కోను సరిగ్గా పడ్డట్టు.

ఇక్కడ ఒక్క సంగతి మామకి చెప్పకుండా ఉండలేకపోయాను. ఈ క్రీడకి పుట్టిల్లయిన కొండదారికి ఓరాలింగు పేరే పెట్టారని.

కాలిఫోర్నియాలో, సాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన, మారిన్ కౌంటీ. 1970లలో అక్కడి కుర్రాళ్ళు కొందరు 1930లు, 40ల నాటి పాత ష్విన్ సైకిళ్ళు చవగ్గా కొని, అనవసరమైనవన్నీ పీకేసి, కొండ బాటల్లో దిగడం మొదలుపెట్టారు. బెలూను లాంటి లావు టైర్లున్న గుదిబండల్లాంటి సైకిళ్ళవి. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర మొదటి పందెం పెట్టుకున్నారు. దారి రెండు మైళ్ళ చిల్లర, దిగుడు దాదాపు 1300 అడుగులు. ఆ సైకిళ్ళకి బ్రేకు వెనక హబ్బు లోపలే ఉండేది, పెడలు వెనక్కి తొక్కితే పడుతుంది. పై నుంచి కింది దాకా బ్రేకు మీదే వస్తే హబ్బు కాగిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. మళ్ళీ ఇంకోసారి దిగాలంటే హబ్బు విప్పి గ్రీజు కూరుకోవలసిందే. అందుకని ఆ దారికే రీప్యాక్ అని పేరు పడిపోయింది. మళ్ళీ కూరడం అని.

మామ కాసేపు ఊరుకొని, "కిరసనాయిల్తో కడిగేవాళ్ళా, ఉత్త గ్రీజు కూరేవాళ్ళా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

నేను ఇక్కడ కాస్త పక్షపాతంగానే మాట్లాడతాను. మౌంటెన్ బైకు కంపెనీల్లో పుట్టలేదు, ఇట్లాంటి చెట్ల కింద పుట్టింది. ఆ గుంపులో ఒకడైన జో బ్రీజ్ 1977లో ఆ పనికోసమే మొదటి ఫ్రేము అతికాడు. ఆ పాత ష్విన్ వాలుని, పొడుగుని కొలుచుకొని, ఆ కొలతలే తీసుకున్నాడు. పనికొచ్చిన పాత కొలతని పారెయ్యకపోవడం నిజమైన పనివాడి లక్షణం. ఆ బండి ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. అదే గుంపులోని గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి 1979లో టామ్ రిచీ అతికిన ఫ్రేములతో బండ్లు కట్టి అమ్మారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ వాళ్ళు జపానులో చేయించిన స్టంప్‌జంపరుతో మౌంటెన్ బైకు ఫ్యాక్టరీ సరుకైంది. దిగేటప్పుడు ఆగకుండా సీటు కిందికి దించుకోడానికి జో బ్రీజే ఇంకొకరితో కలిసి హైట్ రైట్ అనే స్ప్రింగు ఒకటి చేశాడు. ఇప్పుడు మావాడి బండిలో హ్యాండిలు మీద మీట నొక్కితే సీటు సర్రున దిగి, మళ్ళీ నొక్కితే లేస్తుంది. మామ దాన్ని ఆరేడు సార్లు నొక్కి చూశాడు. పని చూడ్డానికి రెండు సార్లు చాలు. మిగతావి సరదాకి.

మన చెట్ల కిందా తక్కువ మార్పులు జరగలేదు. క్యారియరు కింద అదనపు కడ్డీలు అతికించడం, చిరిగిన టైరు లోపల ఇంకో పాత టైరు ముక్క పరిచి ఏడాది లాగించడం, వానాకాలంలో బంకమట్టి పట్టి చక్రం తిరక్కపోతే మడ్‌గార్డులు పీకేసి పెట్టుకోవడం. ఈశాన్య ఋతుపవనాల్లో మా కయ్యల గట్ల మీద సైకిలు నడిపినవాడికి తెలుసు, పది బారలకోసారి దిగి పుల్లతో మట్టి గోకుతూ పోవాల్సిందే. కొండ సైకిలుకి మడ్‌గార్డు లేకపోవడం, టైరుకీ ఫ్రేముకీ మధ్య వేలు దూరేంత సందుండటం, టైరు బొడిపెలు దూరం దూరంగా ఉండటం, అన్నీ ఆ బాధలోంచి వచ్చినవే.

మామ మొదట ఫోర్కు నొక్కి చూసిన సంగతి చెప్పాను. బజారులో చవక రకం రెండు స్ప్రింగుల సైకిళ్ళు చాలా వచ్చాయి. మా పక్కింటి పిల్లాడికీ ఒకటుంది. నొక్కితే లోపలికి పోయి, తటాలున పైకి తంతుంది. లోపల ఉన్నది ఉత్త స్ప్రింగు. గోతిలో పడితే మింగిన బలమంతా తిరిగి ఒంటికే అప్పజెపుతుంది, తొక్కే బలంలో సగం ఊగడానికే పోతుంది. దాని మీద నాకు మొదటి నుంచీ కోపమే. మంచి ఫోర్కులో స్ప్రింగు పక్కన నూనె ఉంటుంది. ఆ నూనె సన్నటి బెజ్జాల గుండా దూరి పోవాలి. దూరడంలో కుదుపు బలం వేడిగా మారి చల్లారిపోతుంది. అందుకే నిదానంగా లేస్తుంది. ఇంకో నేర్పు కూడా ఉంది: మనిషి ఎక్కగానే ఫోర్కు తన దిగుడులో పావు వంతుకి అటూ ఇటూగా ముందే కుంగి ఉండేలా గాలి పెడతారు. ఎందుకంటే రాయి వస్తే చక్రం పైకి పోవడం ఎంత ముఖ్యమో, గోయి వస్తే కిందికి దిగి నేలని వదలకుండా ఉండటం అంతే ముఖ్యం.

గేర్ల గురించి ఎక్కువ చెప్పను, వాటి గురించి అందరూ చెబుతారు. ఒక్క లెక్క మాత్రం. ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళున్న నల్ల సైకిలు ఒక్క తొక్కుడుకి దాదాపు అయిదున్నర మీటర్లు పోతుంది. ముందు 32, వెనక 51 పళ్ళ మీద పెట్టిన కొండ సైకిలు మీటరున్నర కూడా పోదు. మా ఊళ్ళో అట్లా తొక్కితే పక్కన నడిచేవాడు దాటిపోతాడు. అనంతగిరి ఎక్కుడులోనో, హార్సిలీ హిల్స్ మలుపుల్లోనో, మా జిల్లా పడమటి కొసన వెలిగొండల్లోనో, ఆ మీటరున్నరే దేవుడు.

మరి మావాడి బండి ఇసకపల్లి దారిలో ఎందుకు ఓడిపోయింది? రాళ్ళకి చేసిన బండి. ఇసక వేరే దేవత.

లెక్క చిన్నదే. మనిషీ బండీ కలిపి తొంభై కిలోలనుకుందాం. నల్ల సైకిలు మాదిరి యాభై పౌండ్ల గాలి కొట్టిన టైరు ఒక్కోటీ నేలని పట్టుకునేది పదమూడు చదరపు సెంటీమీటర్లు, రెండు బొటనవేళ్ళంత మేర. ఆ బొటనవేళ్ళు ఎండిన ఇసకలో మునిగిపోతాయి. గాలి ఏడు పౌండ్లకి దించితే ఒక్కో టైరూ అరచెయ్యంత పరుచుకుంటుంది, తేలుతుంది. కాని మామూలు టైరులో గాలి అంత దించితే రిమ్ము నేలకి కొట్టుకుంటుంది. దానికి టైరే లావుగా ఉండాలి. అలాస్కా మంచులోనూ న్యూమెక్సికో ఇసక దిబ్బల్లోనూ తొక్కేవాళ్ళు దీని మీద విడివిడిగా తల పట్టుకున్నారు. అలాస్కాలో రెండు రిమ్ములు పక్కపక్కన పెట్టి ఒకటిగా అతికినవాళ్ళున్నారు. ఆ వరసలో 2005లో సర్లీ కంపెనీ వాళ్ళ పగ్స్‌లీ వచ్చింది, నాలుగు అంగుళాలకి కాస్త తక్కువ టైరుతో. ఫ్యాట్ బైకు అంటారు. బురదలో పడ్డ దున్నలాగా ఉంటుంది చూడ్డానికి. కాని ఇన్ని రకాల్లో మా తీరానికి పుట్టిన రకం ఏదంటే అదే. మా తీరాన ఒక్కటీ కనబడలేదు. చేపల గంపలు కట్టుకొని ఊళ్ళ మీదికి పోయే సైకిళ్ళు మాత్రం ఎప్పట్నుంచో పోతున్నాయి. వాళ్ళకి ఫ్యాట్ బైకు అక్కర్లేదు. సముద్రం పాటున ఉన్నప్పుడు, తడిసి గట్టిపడిన ఇసక పట్టీ మీద, నీళ్ళ అంచునే పోతారు. పోటు మొదలవకముందే రోడ్డెక్కుతారు. మావాడు దిబ్బల మీంచి పోయాడు. బండిలో లేని లోపం వాడి వేళలో ఉంది.

ముందు టైరు తిప్పి చూస్తూ మామ గోటితో ఏదో పీకాడు. పల్లేరు కాయ. మావాడు ఎగిరి గంతేశాడు. "ఇది మాకు యూట్యూబులో చూపిస్తారు పెద్దనాన్నా, అమెరికాలో దీన్ని మేకతల అంటారు" అని. నిజమే, అదే మొక్క, ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్. సముద్రం దాటి పోయి అమెరికా పడమటి బీళ్ళలో స్థిరపడి, అక్కడి సైకిళ్ళవాళ్ళ పాలిట శనిలా తయారైంది. కాయ పీకిన బెజ్జం లోంచి తెల్లటి పాలు ఉబికి, బుస బుస మని రెండు బుడగలు వచ్చి, గడ్డకట్టి ఆగింది. ట్యూబు లేని టైరు, లోపల రబ్బరు పాలు పోస్తారు. మర్రికి గాటు పెడితే పాలు కారి గడ్డ కట్టినట్టే. మామ ఆ చుక్క మీద వేలు పెట్టి, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు.

"ఇది మా పొట్ట కొట్టేదేరా" అన్నాడు, నవ్వుతా.

పళ్ళెం బిగించి, చక్రం ఎక్కించి, బండి ఎక్కి, పంచె పైకి దోపుకొని కాలవ దాకా పోయొచ్చాడు. మావాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. తిరిగొచ్చి దిగి, అలవాటున కాలితో స్టాండు కోసం వెతికాడు. కాలు గాల్లో తిరిగింది.

"స్టాండు యాడ నాయనా?"

"వీటికి ఉండదు తాతా. రాళ్ళకి తగులుకుంటుంది."

"మరి కొండ మీద యాడ ఆనిస్తారు?"

"ఆనించం తాతా. పక్కన పడుకోబెడతాం."

మామ బండి వంకా, వాడి వంకా చూశాడు. ఆ పొద్దంతా ఆయనకి వింతగా తోచింది ఇదొక్కటే అనుకుంటాను. బండిని మెల్లిగా వేపచెట్టుకి ఆనించి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అన్నాడు:

"పడుకోబెడితే పెట్టావు గాని, చైను పక్క కిందికి పెట్టబాక."